రాయి మీద రాయి వేసి కట్టిన దీవి

చుట్టూ నీళ్ళు, మధ్యలో నేల. దాన్ని దీవి అంటారు. దీవులు చాలావరకు వాటంతట అవే ఏర్పడతాయి. గోదావరిలో ఒండ్రు మేట వేసి లంకలు ఏర్పడతాయి. ఈ సంగతి అందరికీ తెలిసిందే.

కానీ మనుషులు తమ చేతులతో కట్టిన దీవి ఒకటి ఉంది. సముద్రంలో రాయి మీద రాయి వేసి దాన్ని కట్టారు. ఆ దీవి మీద ఒక చర్చి ఉంది. ఓడల మీద బతికినవాళ్ళు దాన్ని కట్టారు. ఓడ మీద వెళ్ళిన మనిషి కోసం ఎదురుచూసిన ఒక ఆడమనిషి చేతిపని కూడా అక్కడే ఉంది. ఆ దీవి కథ, ఆ చేతిపని కథ ఈ పాఠంలో చదువుదాం.

ఆ ఊరు ఎక్కడ ఉంది?

యూరప్ ఖండంలో మాంటెనిగ్రో అనే చిన్న దేశం ఉంది. మాంటెనిగ్రో అంటే నల్ల కొండ అని అర్థం. 2006లో ఇది స్వతంత్ర దేశం అయింది. ఈ దేశానికి ఒక పక్క సముద్రం ఉంది. దాని పేరు ఏడ్రియాటిక్ సముద్రం. ఆ సముద్రానికి అవతలి ఒడ్డున ఇటలీ దేశం ఉంది.

ఒకచోట ఈ సముద్రం కొండల మధ్యకు చొచ్చుకొని వచ్చింది. పాపికొండల మధ్య గోదావరిని చూసినవాళ్ళకు ఈ చోటు కొంచెం ఊహకు అందుతుంది. రెండు పక్కలా ఎత్తైన కొండలు. మధ్యలో నీళ్ళు. అయితే ఇవి నది నీళ్ళు కావు. ఉప్పునీళ్ళు. దీన్ని కోటోర్ అఖాతం అంటారు.

అఖాతంలో ఒకచోట దారి బాగా ఇరుకు. అక్కడ ఈ ఒడ్డుకీ ఆ ఒడ్డుకీ మధ్య సుమారు 340 మీటర్లే. శత్రువుల ఓడలు రాకుండా పూర్వం అక్కడ గొలుసులు అడ్డం కట్టేవారని చెబుతారు. ఆ చోటు పేరుకు అర్థం కూడా గొలుసులే.

ఆ ఇరుకు దారికి ఎదురుగా, కొండ కింద, నీటి అంచున ఒక ఊరు ఉంది. పేరు పెరాస్త్. ఊరికి వెనక కొండ, ముందు సముద్రం. పంట పండించడానికి నేల తక్కువ. మరి జనం ఎట్లా బతకాలి? సముద్రమే వాళ్ళ పొలం అయింది. ఓడలు కట్టారు. ఓడలు నడిపారు. సరుకులు మోశారు.

1420 నుంచి 1797 దాకా ఈ ఊరు వెనిస్ రాజ్యం కింద ఉంది. వెనిస్ ఓడ వ్యాపారానికి పేరుపడిన నగరం. 18వ శతాబ్దంలో పెరాస్త్ మంచి స్థితిలో ఉండేది. అంత చిన్న ఊరికి సుమారు వంద ఓడలు ఉండేవని చెబుతారు.

రాతి మీద దొరికిన పటం

ఊరికి ఎదురుగా, నీళ్ళలో, ఒక బండరాయి కొంచెం పైకి కనిపిస్తూ ఉండేది. అది 1452వ సంవత్సరం. జూలై 22వ తేదీ. ఆ రాతి మీద ఇద్దరు అన్నదమ్ములకు ఒక పటం దొరికిందట. ఆ పటంలో బిడ్డను ఎత్తుకున్న మరియమ్మ ఉంది. అన్నదమ్ముల్లో ఒకడికి జబ్బు చేసి ఉంది. పటం దొరికాక అది నయమైందని ఊరి కథ.

ఇది జనం నోట వచ్చిన కథ. కానీ పటం మాత్రం నిజంగా ఉంది. ఇప్పటికీ చర్చిలో బలిపీఠం మీద ఉంది. దాన్ని వేసింది లోవ్రో దోబ్రిచెవిచ్ అనే చిత్రకారుడు. ఆయనది పక్కనే ఉన్న కోటోర్ పట్టణం.

పటం దొరికిన చోటే చర్చి కట్టాలని ఊరివాళ్ళు అనుకున్నారు. కానీ అక్కడ నేల ఏది? ఒక్క బండరాయి తప్ప ఏమీ లేదు. చుట్టూ సముద్రం.

నేల లేకపోతే నేలనే తయారు చెయ్యాలి అనుకున్నారు.

దీవి ఎట్లా పెరిగింది?

సముద్రంలో ఊరికే రాళ్ళు వేస్తే ఏమవుతుంది? దొర్లిపోతాయి. అలలకు చెదిరిపోతాయి. రాళ్ళను ఒకచోట పట్టి ఉంచేది ఏదో ఒకటి కావాలి.

పెరాస్త్ వాళ్ళ దగ్గర పాడుబడిన ఓడలు ఉన్నాయి. శత్రువుల దగ్గర పట్టుకున్న ఓడలు కూడా ఉన్నాయి. ఆ ఓడల నిండా రాళ్ళు పోశారు. బండరాయి చుట్టూ తీసుకువెళ్ళి ముంచేశారు. ఓడ అడుగుకు వెళ్ళింది. దాని కడుపులో రాళ్ళు బుట్టలో ఉన్నట్టు నిలిచాయి. వాటి మీద మళ్ళీ రాళ్ళు వేశారు. ఇట్లా సుమారు వంద ఓడలు ముంచారని చెబుతారు.

ఇంకో ఆచారం కూడా పెట్టుకున్నారు. ప్రయాణం నుంచి క్షేమంగా తిరిగి వచ్చిన ప్రతి ఓడా అక్కడ రాయి వెయ్యాలి. ఓడ పెద్దదా చిన్నదా అని లేదు. యజమాని ధనవంతుడా పేదవాడా అని లేదు. ప్రాణంతో తిరిగి వచ్చాం, ఇదిగో మా రాయి. అంతే.

ఒక్క ఏడాదిలో కట్టలేదు. ఒక్క తరంలో కట్టలేదు. మొదట రాయి వేసినవాళ్ళు చివరికి ఏమైందో చూడలేదు. వాళ్ళ కొడుకులు వేశారు. వాళ్ళ మనవళ్ళు వేశారు. ఇప్పుడున్న చర్చిని 1630 ప్రాంతంలో కట్టారు. 1667లో పెద్ద భూకంపం వచ్చింది. చర్చి దెబ్బతింది. ఊరివాళ్ళు మళ్ళీ బాగుచేశారు. తర్వాత ఇంకా పెద్దది చేశారు.

ఈ దీవి విస్తీర్ణం సుమారు 3030 చదరపు మీటర్లు. అంటే సుమారు 75 సెంట్లు. ముప్పావు ఎకరం! పొలంలో ముప్పావు ఎకరం అంటే చిన్న చెక్క. కానీ సముద్రం మధ్యలో ముప్పావు ఎకరం చేతులతో తయారు చెయ్యడం అంటే ఎంత పనో ఆలోచించండి.

ఆ దీవి పేరు వాళ్ళ భాషలో పలకడం కష్టం. అర్థం మాత్రం తేలిక. రాతి మీది మరియమ్మ.

పడవ దిగి చూస్తే

పెరాస్త్ ఒడ్డు నుంచి దీవికి చిన్న పడవల్లో వెళ్ళాలి. కొద్ది నిమిషాల ప్రయాణం. పడవలో వెళ్తుంటే రెండు దీవులు పక్కపక్కన కనిపిస్తాయి.

ఒక దీవి నిండా పొడవాటి చెట్లు ఉంటాయి. అది దానంతట అదే ఏర్పడిన దీవి. దాని పేరు సెయింట్ జార్జ్ దీవి. అక్కడ పాత మఠం ఉంది. పెరాస్త్ ఊరివాళ్ళ సమాధులు కూడా ఉన్నాయి.

రెండో దీవి మీద చెట్లు తక్కువ. నీలం రంగు గుమ్మటం, గుండ్రటి గంటస్తంభం కనిపిస్తాయి. అదే చేతులతో కట్టిన దీవి.

పడవ దిగి చర్చి లోపలికి వెళ్తే గోడలన్నీ బొమ్మలే. పైకప్పు కూడా బొమ్మలే. మొత్తం 68 చిత్రాలు. వీటిని వేసిన చిత్రకారుడు త్రిపో కొకోల్యా. ఆయన పెరాస్త్ ఊరివాడే. 1661లో పుట్టాడు. 1713లో చనిపోయాడు. వాటిలో ఒక చిత్రం 10 మీటర్ల పొడవు ఉంది. మరియమ్మ చివరి ఘడియ అందులో ఉంది.

బలిపీఠం వెనక ఒక చిన్న రంధ్రం ఉంది. అందులో చెయ్యి పెడితే పటం దొరికిన మొదటి బండరాయి తగులుతుందని అంటారు. చూడటానికి వచ్చినవాళ్ళు ఆ రాయిని తాకి ఒక కోరిక కోరుకుంటారు.

వెండి రేకుల మీద ఓడలు

గోడల మీద బొమ్మల కింద వరసగా వెండి రేకులు ఉన్నాయి. అవి సుమారు 2500. ఇవన్నీ మొక్కుబడులు.

మొక్కుబడి అంటే ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర లేదు. కళ్ళ జబ్బు తగ్గితే దేవుడికి వెండి కళ్ళు చేయించి ఇస్తారు. బిడ్డ పుడితే ఉయ్యాల కడతారు. పెరాస్త్ నావికులు కూడా ఇట్లాగే మొక్కుకున్నారు.

నడి సముద్రంలో తుఫాను వస్తుంది. తెరచాప చిరుగుతుంది. ఓడ ఒక పక్కకు ఒరుగుతుంది. అప్పుడు నావికుడు మొక్కుకుంటాడు. బతికి ఇంటికి వస్తే వెండి రేకు చేయిస్తాడు. దాని మీద తన ఓడ బొమ్మ చెక్కిస్తాడు. ఒరిగిన స్తంభం, లేచిన అలలు, మూలన మబ్బుల్లో మరియమ్మ. సముద్ర దొంగల చేతుల్లోంచి తప్పించుకున్నవాళ్ళు కూడా రేకులు ఇచ్చారు.

ఆ రేకులను చూస్తే ఆ కాలంలో ఓడలు ఎట్లా ఉండేవో తెలుస్తుంది. ఏ ఓడకు ఎన్ని స్తంభాలు, ఎన్ని తెరచాపలు ఉండేవో కనిపిస్తుంది. అంటే ఆ గోడ ఒక మొక్కుల గోడ మాత్రమే కాదు. ఊరి చరిత్ర పుస్తకం కూడా.

ఒక సంగతి మాత్రం మరిచిపోకూడదు. రేకు ఇచ్చినవాళ్ళు తిరిగి వచ్చినవాళ్ళు. తిరిగి రానివాళ్ళకు ఆ గోడ మీద రేకు లేదు.

ఓడ నడపాలన్నా చదువు కావాలి

ఓడ నడపడానికి బలం ఒక్కటే చాలదు. నక్షత్రాలను చూసి దారి తెలుసుకోవాలి. సముద్రం పటం చదవాలి. గాలి ఎటు వీస్తుందో, ఎన్ని రోజుల్లో ఎక్కడికి చేరతారో లెక్క కట్టాలి.

పెరాస్త్‌లో మార్కో మార్టినోవిచ్ అనే నావికుడు ఉండేవాడు. ఓడ నడిపే విద్య నేర్పేవాడు. రష్యా రాజు పీటర్ తన దేశంలో మంచి ఓడల దళం తయారు చెయ్యాలనుకున్నాడు. 1698 ప్రాంతంలో 17 మంది రష్యా పెద్దింటివాళ్ళు మార్టినోవిచ్ దగ్గర చదువుకున్నారు. వాళ్ళంతా వయసు వచ్చినవాళ్ళే. అంత పెద్ద దేశం నుంచి వచ్చి ఇంత చిన్న ఊరి గురువు దగ్గర కూర్చొని నేర్చుకున్నారు. నేర్చుకోవడానికి వయసు అడ్డం కాదు. సిగ్గు అంతకన్నా కాదు.

ఇంటి దగ్గర ఉన్నవాళ్ళు

ఓడలు నడిపింది మగవాళ్ళు. ఒక్కో ప్రయాణానికి నెలలు పట్టేది. ఆ కాలంలో ఫోన్లు లేవు. ఉత్తరం రావాలన్నా ఇంకో ఓడ రావాలి. మనిషి ఉన్నాడో లేడో ఇంట్లో తెలిసేది కాదు.

ఆ నెలల్లో ఇల్లు ఆగిపోదు. పొయ్యి వెలగాలి. పిల్లలు పెరగాలి. ముసలివాళ్ళను చూసుకోవాలి. ఇవన్నీ ఆడవాళ్ళే చేశారు. కానీ ఆ పనికి వెండి రేకు లేదు. దీవి మీద వాళ్ళ పేరున రాయి లేదు.

అయితే ఒక ఆడమనిషి చేతిపని మాత్రం నిలిచింది.

జుట్టుతో కుట్టిన పటం

చర్చి పక్కనే ఒక చిన్న మ్యూజియం ఉంది. అందులో అద్దం వెనక ఒక కుట్టుపని ఉంది. దాన్ని చూడటానికే కొందరు పడవ ఎక్కి వస్తారు.

దాన్ని కుట్టిన ఆమె పేరు యాత్సింతా కూనిచ్. పెరాస్త్ ఊరి ఆడపడుచు. 19వ శతాబ్దంలో ఆమె ఈ పని చేసింది. మరియమ్మ, బిడ్డ ఏసు, వాళ్ళ చుట్టూ చిన్న చిన్న దేవదూతలు. అంతా సూదితో కుట్టింది. పట్టుదారం వాడింది. బంగారు దారం, వెండి దారం వాడింది. దేవదూతల జుట్టుకు మాత్రం దారం వాడలేదు. తన తల వెంట్రుకలే వాడింది.

ఈ పనికి ఆమెకు 25 ఏళ్ళు పట్టింది.

ఆమె భర్త నావికుడు అనీ, ఓడ మీద వెళ్ళాడనీ, ఆయన కోసం ఎదురుచూస్తూ ఆమె కుట్టిందనీ ఊరివాళ్ళు చెబుతారు. ఆయన తిరిగి వచ్చాడని కొందరు అంటారు. రాలేదని ఇంకొందరు అంటారు.

కథ ఎట్లా చెప్పినా ఒక సంగతి పటంలోనే కనిపిస్తుంది. దేవదూతల జుట్టు అంతా ఒకే రంగు కాదు. మొదట కుట్టిన వాళ్ళకు ఆమె వయసులో ఉన్నప్పటి జుట్టు. తర్వాత కుట్టిన వాళ్ళకు నెరిసిన జుట్టు. చివర కుట్టిన వాళ్ళకు తెల్ల జుట్టు. ఆమె తన వయసు ఎక్కడా రాయలేదు. అయినా ఆ పటం చూస్తే ఆమె వయసు గడిచిపోవడం కళ్ళకు కనిపిస్తుంది.

సూది పట్టినవాళ్ళకు ఆ పని విలువ తెలుస్తుంది. వెంట్రుక దారం లాంటిది కాదు. జారిపోతుంది. తెగిపోతుంది. ముడి నిలవదు. ఒక్కో వెంట్రుకా సూదిలోకి ఎక్కించి, సన్నగా, దగ్గర దగ్గరగా కుట్టాలి. దీపం వెలుగులో కళ్ళు లాగేస్తాయి. ఇంటి పనులు అయ్యాక మిగిలిన పొద్దులోనే ఇట్లాంటి పని సాగుతుంది. అందుకే ఏళ్ళు పడుతుంది.

మగవాళ్ళు ఓడ నుంచి వచ్చి రాయి వేశారు. యాత్సింతా రోజుకు కొన్ని కుట్లు వేసింది. రెండూ ఒక్కలాంటి పనులే. కొంచెం కొంచెం. ఆపకుండా.

జూలై 22 సాయంత్రం

రాళ్ళు వెయ్యడం ఇప్పటికీ ఆగలేదు. అలలు దీవి అంచులను కోస్తూ ఉంటాయి. కాబట్టి అంచుకు రాళ్ళు వేస్తూనే ఉండాలి. చెరువుకట్టకు ఏటా మట్టి వేసినట్టే ఇది.

పటం దొరికిన రోజును గుర్తు పెట్టుకొని ప్రతి ఏడాది జూలై 22న ఈ పని పండగ లాగా చేస్తారు. పొద్దు గుంకే వేళ పడవల నిండా రాళ్ళు నింపుతారు. పడవలను ఒకదాని వెనక ఒకటి తాడుతో కడతారు. చెట్ల కొమ్మలతో అలంకరిస్తారు. పాత పాటలు పాడుతూ దీవి చుట్టూ తిరిగి రాళ్ళు నీళ్ళలో వేస్తారు. ఆ పండగ పేరు ఫషినాద.

ఆచారం ప్రకారం ఆ పడవల్లో వెళ్ళేది మగవాళ్ళే. ఆడవాళ్ళు ఒడ్డున నిలబడి చూస్తారు. పూర్వం ఓడలు నడిపింది మగవాళ్ళు కాబట్టి అట్లా వచ్చింది. కానీ ఒడ్డున ఉన్నవాళ్ళు లేకపోతే ఓడ తిరిగి రావడానికి ఇల్లు ఎక్కడ ఉండేది?

ఇప్పుడు ఆ ఊరు

1797లో వెనిస్ రాజ్యం పోయింది. తర్వాత ఆవిరి ఓడలు వచ్చాయి. తెరచాప ఓడలకు పని తగ్గింది. పెరాస్త్ వ్యాపారం పడిపోయింది. జనం పని వెతుక్కుంటూ వేరే చోట్లకు వెళ్ళారు. 2011 జనాభా లెక్కల్లో ఊరి జనం 300 కంటే తక్కువే. పెద్ద పెద్ద రాతి మేడలు మాత్రం ఒడ్డున అట్లాగే ఉన్నాయి.

1979 ఏప్రిల్‌లో ఆ ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది. అదే ఏడాది ఐక్యరాజ్యసమితికి చెందిన యునెస్కో సంస్థ కోటోర్ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ ప్రాంతంగా గుర్తించింది. అంటే ఇది ఒక్క దేశానిది కాదు, ప్రపంచం అంతా కాపాడుకోవలసిన చోటు అని అర్థం.

ఓడల ఊరు చిన్నదైపోయింది. ఓడలు పోయాయి. దీవి ఉంది. కుట్టుపని ఉంది. ఆ పని పక్కన యాత్సింతా పేరు ఉంది. ఆమె లాగా కుట్టినవాళ్ళు, వండినవాళ్ళు, ఎదురుచూసినవాళ్ళు ఊరి నిండా ఉన్నారు. వాళ్ళ పేర్లు ఎవరూ రాయలేదు. పేరు రాసి పెట్టిన పనికే రేపటివాళ్ళ దగ్గర గుర్తింపు ఉంటుంది. ఇప్పుడు రాయడం మీ చేతిలో ఉంది.

కొత్త మాటలు

అఖాతం – నేల లోపలికి చొచ్చుకొని వచ్చిన సముద్రం
నావికుడు – ఓడ నడిపే మనిషి
తెరచాప – గాలికి ఓడ నడవడానికి కట్టే పెద్ద గుడ్డ
బలిపీఠం – చర్చిలో ప్రార్థన జరిపే ముఖ్యమైన చోటు
గుమ్మటం – గుండ్రటి పైకప్పు
వారసత్వం – పెద్దల నుంచి మనకు వచ్చింది

జవాబులు చెప్పండి

1. పెరాస్త్ ఊరివాళ్ళు వ్యవసాయం కాకుండా ఓడల మీద ఎందుకు బతికారు?
2. రాళ్ళు చెదిరిపోకుండా వాళ్ళు ఏం చేశారు?
3. వెండి రేకులు ఎవరు ఇచ్చారు? ఎందుకు ఇచ్చారు?
4. యాత్సింతా కుట్టిన పటంలో ఆమె వయసు ఎట్లా కనిపిస్తుంది?

ఖాళీలు నింపండి

1. పటం దొరికిన సంవత్సరం ________.
2. చర్చిలో ఉన్న చిత్రాలు ________.
3. రాళ్ళు వేసే పండగ జూలై ________ న జరుగుతుంది.

లెక్క చెయ్యండి

1. యాత్సింతా 25 ఏళ్ళు కుట్టింది. ఏడాదికి 12 నెలలు. మొత్తం ఎన్ని నెలలు?
2. ఒక పడవలో 40 రాళ్ళు పడతాయి అనుకోండి. 15 పడవలు వెళ్తే మొత్తం ఎన్ని రాళ్ళు?

మాట్లాడుకోండి

1. వేటకు, గల్ఫ్ దేశాలకు, వలస పనులకు మగవాళ్ళు వెళ్ళిన ఇళ్ళు మీ ఊళ్ళో ఉన్నాయా? ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఏ ఏ పనులు చేస్తున్నారు? ఆ పనులను ఊరు లెక్కలోకి తీసుకుంటుందా?
2. మీ ఊళ్ళో అందరూ కలిసి కట్టుకున్నది ఏదైనా ఉందా? చెరువుకట్ట, బడి, బాట, గుడి, ఏదైనా సరే. దాన్ని ఎవరు కట్టారో పెద్దవాళ్ళను అడగండి.

రాయండి

మీ అమ్మ గానీ, అమ్మమ్మ గానీ, మీరు గానీ చేసిన చేతిపని ఒకటి ఇంట్లో ఉందా? బొంత, చాప, బుట్ట, అల్లిక, ఏదైనా కావచ్చు. అది ఏమిటో ఒక కాగితం మీద రాయండి. ఎవరు చేశారో పేరు రాయండి. ఏ సంవత్సరంలో చేశారో రాయండి. ఆ కాగితాన్ని ఆ వస్తువుతో పాటు దాచి పెట్టండి.